జిల్లా అంతా నల్లరేగడి

3 జూన్ 2002, సోమవారం

ఉద్యోగంలో చేరాను. ఇంటర్‌లో మానేసిన డైరీ మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఎవరి కోసమూ కాదు. రూమ్‌మేట్ హేమ చూస్తే చూడనీ, నా చేతిరాత దానికి అర్థం కాదు.

ఆఫీసంటే అనంతపురంలో ఒక ఇంటి మేడ మీద మూడు గదులు. ఒక సొసైటీ నడిపే వాన సమాచార కేంద్రం. పొద్దున్నే జిల్లాలోని అరవై మూడు మండలాల నుంచి ఫోన్లు వస్తాయి, నిన్న ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెప్పడానికి. ఇక్కడే పనిచేసే హేమ ఫోనెత్తి రాసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. ఆ అంకెలతో లెక్క కట్టి, ఏ మండలంలో ఎన్నాళ్ళుగా వాన లేదో తేల్చి, నెలకొకసారి జాబితా పైకి, సర్కారుకి పంపాలి. జాబితాలో పేరున్న మండలంలో పశువుల కోసం గడ్డి క్యాంపు పెడతారు. పేరు లేకపోతే పెట్టరు. నా పని ఆ లెక్క కట్టే ప్రోగ్రాం రాయడం.

నా పైన ఉండేది విష్ణువర్ధన్. ముప్పై నాలుగేళ్ళుంటాయి. బెంగుళూరులో పదేళ్ళు పనిచేసి వచ్చాడు. సార్ అంటే, సారూ గీరూ ఏమీ వద్దు, అన్నా అను చాలు అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

11 జూన్

ఎమ్.సి.ఏ.లో నేర్చుకున్న సి భాష గంగలో కలిసింది. ఇక్కడ వాడేది వేరే భాష. పేరు ఒక్క అక్షరం, జె. కీబోర్డు మీద ఉన్న చుక్కలూ కామాలూ అన్నీ అందులో పనిముట్లే. పొద్దున అన్న రాసిన ఒక లైను చూసి, ఇది ప్రోగ్రామా, కీబోర్డు మీద కోడి నడిచిందా అని అడిగాను. పడీ పడీ నవ్వాడు.

అరవై మూడు మండలాల్లో ఒక్కొక్కదాని నెల మొత్తానికి నిన్నటి వాన కూడమంటే నేను ఫర్ లూప్ కోసం వెతికాను. లూప్ ఎందుకప్పా, ఒక్కొక్క మండలం తలుపు కొట్టి అడుగుతావా, అందరినీ ఒకేసారి పిలువు అన్నాడు. నిజంగానే ఒక్క లైను. అరవై మూడు అంకెలూ ఒక ముద్దగా లోపలికి పోతాయి, అరవై మూడు జవాబులు ఒక ముద్దగా బయటికి వస్తాయి. ఒకటి తర్వాత ఒకటి అన్న మాటే లేదు.

సాయంత్రం దాకా అదే ఆడుకుంటూ కూర్చున్నాను. ఇంత సంతోషం నాకు చదువులో ఎప్పుడూ దొరకలేదు.

14 జూన్, మధ్యాహ్నం 3

ఇవాళ ఇఫ్ గురించి, అంటే అవునైతే ఇది చెయ్, కాదైతే అది చెయ్ అనే షరతు గురించి చెప్పాడు. గట్టిగా చెప్పాడు కాబట్టి రాసుకుంటున్నాను.

బోర్డు మీద అరవై మూడు గళ్ళు గీశాడు. మొదటి గడిలో డి.హీరేహాళ్ అని రాశాడు, ఎందుకంటే మా జాబితా అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ భాషలో కూడా ఇఫ్ ఉండాది, కానీ దానికి ఒకే కన్ను అన్నాడు. నువ్వు అరవై మూడు అవునులూ కాదులూ దాని ముందర పోసినా మొదటి గడి ఒక్కటే చూస్తాది. ఆడ అవునని ఉంటే అందరికీ అవునే, కాదని ఉంటే అందరికీ కాదే. మిగతా అరవై రెండు మండలాలు బతికినా చచ్చినా దానికి పట్టదు. పైగా తప్పు జరిగిందని ఒక్క మాట కూడా చెప్పదు, నోరు మూసుకుని పని చేసుకుంటూ పోతాది. ఖాళీ గిన్నె పెడితే దాన్ని కూడా అవుననే అనుకుంటాది అన్నాడు.

పెళ్ళిచూపుల్లో మా మేనమామ లాగా, పిల్ల మాట్లాడకపోతే ఇష్టమే అన్నట్టు అన్నాను. మళ్ళీ నవ్వాడు.

అందుకే ఇఫ్ వద్దు అన్నాడు. అర్రే అంటే ఈ అంకెల ముద్దే, దాని మీద ఇఫ్ పెట్టేది కొత్తవాళ్ళు మాత్రమే, నా కింద పనిచేసేవాళ్ళు ఎవరన్నా పెడితే చెయ్యి విరగ్గొడతా అన్నాడు.

పెట్టను అన్నాను. ఇంతవరకూ పెట్టలేదు కూడా.

27 జూన్

పరువు పోయింది. ఈ భాషలో ఫంక్షన్‌కి రిటర్న్ అని ప్రత్యేకంగా రాయనక్కర్లేదు. చివరగా ఏ వాక్యం నడిస్తే దాని విలువే ఫంక్షన్ ఇచ్చే జవాబు. అది తెలిసి కూడా, జాబితా తీసే ఫంక్షన్ చివర జాబితాని ఫైల్లో దాచే వాక్యం ఒకటి చేర్చాను. ఇంకేముంది. ఎన్ని మండలాలు ఎండుతున్నాయమ్మా అని ఫంక్షన్‌ని అడిగితే 412 అంది. ఫైల్లోకి పోయిన అక్షరాల లెక్క అది!

మన జిల్లాలో 412 మండలాలు ఎప్పుడు పెట్టినారు, నాకు చెప్పనే లేదే అని అన్న ఆఫీసంతా వినబడేలా అడిగాడు. సెక్రటరీ నరసింహప్ప సార్ కూడా లేచి వచ్చి చూశాడు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, నవ్వితే పళ్ళసెట్టు కదులుతుంది.

తర్వాత అన్న పక్కన కూర్చుని, నేను బెంగుళూరులో ఇదే తప్పు మూడుసార్లు చేసినా, నువ్వు ఒక్కసారే కదా చేసింది అన్నాడు. మధ్యాహ్నం వాళ్ళమ్మ పప్పూ బెల్లం పెట్టి చేసి పంపిన ఓళిగల్లో రెండు నాకు పెట్టాడు.

12 జూలై, శుక్రవారం

నా ఫంక్షన్ తయారైంది. నాది.

రూలు ఇది. ఎర్రనేలలో తేమ నిలవదు కాబట్టి ఇరవై ఒక్క రోజులు వరసగా వాన లేకపోతే ఆ మండలం పేరు జాబితాలోకి ఎక్కాలి. నల్లరేగడి తేమ పట్టి ఉంచుతుంది, దానికి ఇరవై ఎనిమిది రోజులు. నేను ఇఫ్ జోలికే పోలేదు. ఎర్రనేల ఉన్న మండలానికి ఒకటి, లేనిదానికి సున్నా అని అరవై మూడు గుర్తులు పెట్టుకున్నాను. ఇరవై ఎనిమిదిలోంచి ఆ గుర్తుకి ఏడు రెట్లు తీసెయ్. ఎర్రనేలకి ఇరవై ఒకటి మిగులుతుంది, నల్లరేగడికి ఇరవై ఎనిమిది అలాగే ఉంటుంది. ఒకే వాక్యంలో ఎవరి గీత వాళ్ళకి పడింది.

అన్న ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. తర్వాత, ఇంత శుభ్రంగా నేను కూడా రాసుండను అన్నాడు. ఫంక్షన్ నెత్తిన నీ పేరూ తేదీ రాయి, నాది వద్దు, ఇది నువ్వు చేసింది, రేపు ఎవరు చూసినా నీ పేరే కనబడాలి అన్నాడు. రాశాను. ఈశ్వరి, 12-7-2002. ఫ్లాపీలోకి ఒక కాపీ తీసుకున్నాను, నాయనకి చూపించాలని. నాయనకి కంప్యూటరే తెలీదు, ఫ్లాపీ చూసి ఏం చేసుకుంటాడో.

రూముకొచ్చి హేమని పట్టుకుని ఏడ్చాను. సంతోషంతో.

27 జూలై

కళ్యాణదుర్గం, మా మండలం, 11 మి.మీ. మా ఊళ్ళో చెనిక్కాయ, అదే వేరుశనగ, మొలకెత్తి ఉంటుంది.

9 ఆగస్టు

ఆ వానే ఆఖరు. అమ్మ ఊళ్ళో బయ్యన్న అంగడి నుంచి ఫోన్ చేసింది. చెనిక్కాయ ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుంటాందంట. మేతకు కసువు గుప్పెడు కూడా లేదంట. నాయన ఎద్దులకు ఏపకొమ్మలు కొట్టి వేస్తాండాడంట. ఎద్దులు తింటాండాయా అంటే, తినక ఏం చేస్తాయి అంది.

17 ఆగస్టు, శనివారం, ఉదయం 11

ఇరవయ్యో తేదీ దాకా చూసి జాబితా తీయాలి. అన్న ఇవాళే ఒకసారి నడిపి చూడమన్నాడు. ఇవాళ్టికే ముప్పై ఎనిమిది మండలాలు వచ్చాయి. ఇదే ఎండ ఇంకో మూడు రోజులు కొనసాగితే నలభై ఒకటి అవుతాయి. కళ్యాణదుర్గం ఇవాళే ఎక్కింది, ఇరవై ఒక్క రోజులు నిండాయి.

అన్న కాగితం తీసుకుని లోపలి గదిలోకి పోయి ఎవరికో ఫోన్ చేశాడు. అరగంట మాట్లాడాడు. బయటికొచ్చినప్పుడు ముఖం బాగాలేదు. ఏమన్నా అంటే, ఏమీ లేదు, పైవాళ్ళకి ఎప్పుడూ ఉండేదే అన్నాడు. కాసేపటికి దగ్గరికొచ్చి, రెండు నెలలైంది నువ్వు ఊరికి పోయి, ఈ పూటే బస్సెక్కు, సోమవారం మధ్యాహ్నం దాకా రాకపోయినా పరవాలేదు అన్నాడు.

నా మీద ఎంత దయ. ఒంటిగంట బస్సుకి పోతున్నాను.

18 ఆగస్టు, ఆదివారం, ఊళ్ళో

ఎద్దుల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. జతలో బూడిదరంగు ఉండే మైలది లేచేటప్పుడు ముందుకాళ్ళు వణుకుతున్నాయి. రెండూ ఒకే ఈడువి, ఎనిమిదేళ్ళ నుంచీ ఒకే కాడి కింద ఉన్నాయి. ఈ జత చూసే బ్యాంకువాళ్ళు కూడా మా నాయన గురించి, నల్లప్పకేమప్పా అంటారు. పొద్దున నాయనా నేనూ చేన్లోకి పోయాం. నాయన గట్టు మీద కూర్చుని అడిగాడు. మనకు క్యాంపు వస్తాదా రాదా పాపా, రాదంటే చెప్పు, ఇప్పుడే సంతకు తోలేస్తా, ఇంకో పది దినాలు పోతే కటికోడు కూడా కొనడు అన్నాడు.

వస్తాది నాయనా, నేనే లెక్క చూసినా, మన పేరు ఉండాది, అమ్మొద్దు అని చెప్పాను.

నువ్వు చూసినావు కదా, సరే అన్నాడు. మళ్ళీ ఒక్క మాట అడగలేదు.

21 ఆగస్టు, సాయంత్రం 5

పదిహేడు.

పదిహేడు మండలాలే. కళ్యాణదుర్గం లేదు. అన్న నిన్న సాయంత్రం నేను వెళ్ళిపోయాక తానే నడిపి, ఇవాళ పొద్దున పంపేశాడట. నేను చూసింది గోడకి అంటించిన కాగితం. మూడుసార్లు చదివాను. మనకి ఇరవై నాలుగు రోజులు వాన లేదు. ఎందుకు లేదు పేరు?

అన్న హైదరాబాదు పోయాడు, రెండు రోజులు రాడు.

22 ఆగస్టు, ఉదయం 10

ఫంక్షన్ తెరిచాను. నెత్తిన నా పేరు. తేదీ. కింద ఒక ఇఫ్.

ఇఫ్ ఎర్ర, గీత ఇరవై ఒకటి. ఎల్స్, గీత ఇరవై ఎనిమిది.

ఎర్ర అంటే అరవై మూడు గుర్తులు. ఇఫ్ చూసేది మొదటి గడి. మొదటిది డి.హీరేహాళ్. అక్కడ నల్లరేగడి. అంటే కాదు. అంటే అందరికీ ఇరవై ఎనిమిది. కళ్యాణదుర్గం, కదిరి, గోరంట్ల, పెనుకొండ, గుప్పెడు మట్టి తీస్తే కుంకుమలాగా ఉండే మండలాలన్నీ నల్లరేగడి అయిపోయాయి. జిల్లా అంతా నల్లరేగడి. భాష ఏ తప్పూ చూపలేదు. చూపదని చెప్పాడు కదా.

నేనే చేశానా?

వేరియబుల్‌కి ఎర్ర అని తెలుగు పేరు పెట్టే అలవాటు ఈ ఆఫీసులో నాకొక్కదానికే ఉంది. పక్కన రెండు ఖాళీలు వదిలే అలవాటూ నాదే. ఎప్పుడు రాశాను? నిద్రమత్తులో రాశానా? ఊరికి పోయే తొందరలో ఏమన్నా మార్చానా?

23 ఆగస్టు

కళ్యాణదుర్గం 4 మి.మీ. కసువు మొలవడానికి చాలదు, ఎండు లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టడానికి చాలు. ఇట్లా ఇంకొకసారి పడితే వచ్చే నెల జాబితాలోనూ మేముండం.

24 ఆగస్టు, శనివారం

అన్న వచ్చాడు. గది తలుపేసి చెప్పేశాను. అన్నా, ఇఫ్ పెట్టినాను, ఎట్ల పెట్టినానో తెలీదు, ఇరవై నాలుగు మండలాల నోట్లో మన్ను కొట్టినాను అని. ఎక్కిళ్ళు వచ్చేలా ఏడ్చాను.

అన్న మంచినీళ్ళు ఇచ్చాడు. తల మీద చెయ్యి వేశాడు. కొత్తలో అందరూ చేస్తారు, కావాలని చేసినావా ఏమన్నా, ఊరుకో తల్లీ అన్నాడు. ఎవరికీ చెప్పొద్దు, నేనూ చెప్పను, వచ్చే నెల జాబితాకి మెల్లగా సరిచేద్దాం అన్నాడు. ఇప్పుడే చెబుదాం అన్నా అన్నాను. నీ ఉద్యోగం పోతాది, కేంద్రం మూసేస్తారు, ఓపిక పట్టు అన్నాడు.

ఇంత పెద్ద మనసున్న మనిషి దొరకడం నా అదృష్టం అని రూముకొచ్చి హేమతో అన్నాను. హేమ బట్టలు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

28 ఆగస్టు

అమ్మ ఫోన్. మన పేరు ఎప్పుడు వస్తాదో నాయన అడగమన్నాడంట. వస్తాది అన్నాను. ఇంకేం చెప్పాలి.

31 ఆగస్టు, శనివారం, మధ్యాహ్నం 2

ఆ తప్పు ఏ రోజు చేశానో తెలుసుకోవాలనిపించింది. తెలిస్తేనన్నా మనసు కుదుటపడుతుందని. పెట్టె అడుగున ఉన్న ఫ్లాపీ ఆఫీసుకి తెచ్చి పెట్టి చూశాను.

ఇఫ్ లేదు. నా ఒక్క వాక్యం అలాగే ఉంది, ఇరవై ఎనిమిదిలోంచి ఏడు రెట్లు.

ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న ఫైలు చివరిసారి మార్చిన తేదీ చూశాను. 18 ఆగస్టు 2002, ఉదయం 11:40. ఆదివారం. నేను ఆ టైముకి నాయన పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాను. ఆదివారం ఆఫీసు తాళం ఒక్కడి దగ్గరే ఉంటుంది.

ఫ్లాపీలో ఫంక్షన్‌ని ఇరవయ్యో తేదీ అంకెలతో నడిపాను. నలభై ఒకటి.

అదే రోజు, సాయంత్రం 6

మొదట అతనూ పొరపాటే చేశాడేమో అనుకున్నాను. మనసు ఎంత వెర్రిది. ఇఫ్‌కి ఒకే కన్నని నాకు చెప్పింది ఎవరు? బోర్డు మీద గళ్ళు గీసి, మొదటి గడిలో డి.హీరేహాళ్ అని తన చేత్తో రాసింది ఎవరు? అతనికి తెలుసు. మొదటి గడి నల్లరేగడి అని తెలుసు. అందుకే అది పెట్టాడు.

అంకె మార్చేసి ఉండొచ్చు కదా. నా వాక్యంలో ఏడుని సున్నా చేస్తే ఇదే పదిహేడు వచ్చేది. కానీ అప్పుడు ఎవరన్నా చూస్తే దొంగతనం అని తెలిసిపోతుంది. ఇదైతే తప్పు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల చేసే తప్పు. తెలివైనవాడు, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు చేయనే చేయడని ఎవరైనా ఒప్పుకునే తప్పు. నా పేరున్న కాగితం మీద, నా అలవాట్లతో, నా చేతిరాత దించినట్టు దించాడు. నేను కూడా నమ్మాను. నేనే పోయి అతని ముందు ఏడ్చాను. తల నిమిరాడు. ఆ చెయ్యి తలుచుకుంటే ఒళ్ళంతా మంట.

2 సెప్టెంబర్

హేమని నిలదీశాను. ఆదివారం విష్ణన్న ఆఫీసుకు పోయింది దానికి తెలుసంట. మిరపకాయ బజ్జీలకని బయటికి పోయినప్పుడు మేడ మెట్లెక్కుతూ కనిపించాడంట. ముందే ఎందుకు చెప్పలేదే అంటే, నాకూ ఉద్యోగం కావాల కదా ఈశ్వరీ అంది. పెద్దోళ్ళ ముందర అడిగితే నేను చూడలేదనే చెప్తా, ఏమీ అనుకోవద్దు అంది.

అబద్ధం చెప్తానని కనీసం అది ముందుగా చెప్పింది.

3 సెప్టెంబర్, ఉదయం 9:30

ఇంకా ఎవరూ రాకముందే అతని గదిలోకి పోయాను. ఫ్లాపీ బల్ల మీద పెట్టాను. ఆదివారం పదకొండూ నలభై అన్నాను, అంతే.

కాదంటాడనుకున్నాను. కాదనలేదు. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

నలభై దాటితే ఒప్పుకోం, అన్ని క్యాంపులకు దుడ్లు లేవు, ఇరవై లోపల ఉండాల, ఎట్ల చేస్తావో నీ ఇష్టం అన్నారు పైవాళ్ళు, నన్నేం చెయ్యమంటావు అన్నాడు. చెయ్యనంటే కేంద్రం ఉండదు అన్నాడు. హైదరాబాదులో రాష్ట్రం మొత్తానికి ఇట్లాంటిదే పెడతాండారు, దానికి నన్ను తీసుకుంటాండారు, నిన్ను కూడా తీసుకుపోదామనే అనుకున్నా అన్నాడు.

నా పేరు మీద ఎందుకు అన్నాను.

ఫ్లాపీని బల్ల మీద నా వైపు జరిపాడు. నేను చేసినానంటే ఎవరూ తప్పనుకోరు, కుట్ర అంటారు, నువ్వు చేసినావంటే పాపం కొత్తపిల్ల అంటారు, నీకు పెద్ద నష్టం లేదు అన్నాడు. లెక్క కట్టినట్టే చెప్పాడు.

కొట్టాలనిపించింది. కొట్టి ఉంటే బాగుండేది. ఫ్లాపీ తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. జూలైలో నా పేరు రాయమన్నప్పటి నుంచే మనసులో ఉందా, ఆదివారమే పుట్టిందా? ఈ ఒక్కటి అడగలేకపోయాను. అప్పటి మాటలన్నా నిజమైతే చాలని ఇంకా ఆశ. సిగ్గులేదు నాకు.

5 సెప్టెంబర్, గురువారం, మధ్యాహ్నం 12

నరసింహప్ప సార్‌కి అంతా చెప్పాను. ఫ్లాపీలోదీ కంప్యూటర్‌లోదీ రెండూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టాను. చదువు చెప్పిన మనిషి, అరగంటలో అర్థం చేసుకున్నాడు. అంటే అరవై మూడు మంది పిల్లల్లో ముందు బెంచీలో మొదటోడి పేపరు దిద్ది, అవే మార్కులు క్లాసుకంతా వేసినట్లా అన్నాడు. అవును సార్ అన్నాను.

విష్ణువర్ధన్‌ని పిలిపించాడు. అతను నా ముఖం చూడకుండా, ఈ పాప జూన్‌లో కూడా ఇట్లనే చేసింది, 412 అని వచ్చింది, మీరే లేచి వచ్చి చూసినారు కదా సార్ అన్నాడు. ఫ్లాపీలో ఎప్పుడేం మార్చుకుందో ఎవరికి తెలుసు అన్నాడు. ఆ రోజు ఓళిగలు పెట్టి, తానూ అదే తప్పు మూడుసార్లు చేశానన్న సంగతి మాత్రం చెప్పలేదు.

అతను వెళ్ళాక సార్ నెమ్మదిగా చెప్పాడు. నేను నిన్ను నమ్ముతాండా పాపా. కానీ ఇది కావాలని చేసింది అని రాస్తే విచారణ అంటారు. విచారణ తేలేవరకూ ఆ జాబితాని ఎవరూ ముట్టుకోకూడదు. ఆరు నెలలో, సంవత్సరమో. అదే పొరపాటు అని రాస్తే, సవరణ కింద నాలుగు దినాల్లో కొత్త జాబితా పోతాది, పొరపాటుని పైవాళ్ళు కూడా కాదనలేరు. పొరపాటు అంటే ఎవరో ఒకరు చేసినట్టు సంతకం పెట్టాల. పెట్టాల్సిన పేరు ఫంక్షన్ మీద ఉండాది అన్నాడు.

నిర్ణయం నీదే అన్నాడు. ఎంత బాగా చెప్పాడో. నిర్ణయం నాదంట.

6 సెప్టెంబర్

పెట్టను. చచ్చినా పెట్టను.

7 సెప్టెంబర్, శనివారం, సాయంత్రం 4

అమ్మ ఫోన్. మైలది పడుకుని లేవలేదంట. నలుగురు పట్టి లేపినారంట. నాయన పొద్దున దాన్ని కటికోడి వ్యాన్ ఎక్కించి పంపించేశాడంట. రెండోది ఆ పొద్దు నుంచీ కాడి వైపు చూసి అరుస్తాందంట. నాయన అన్నం తినలేదంట. నీ మీద ఆయనకు కోపమేమీ లేదులే అంది అమ్మ. పాప చెప్పింది కదా క్యాంపు వస్తాదని, దీన్నన్నా నిలుపుదాం అన్నాడంట.

ఒంటెద్దుతో ఏం దున్నుతాడు?

8 సెప్టెంబర్, ఆదివారం

ఇరవై నాలుగు మండలాలు. మండలానికి ఎన్ని ఊళ్ళు, ఊరికి ఎన్ని ఎద్దులు. నాకు లెక్క కట్టడం వచ్చు, కట్టలేదు.

నా మాట నిజమని తేలడానికి సంవత్సరం పట్టినా నాకేం కాదు. రోజూ మూడు పూటలా తింటున్నాను. వాటికి సంవత్సరం లేదు.

9 సెప్టెంబర్, ఉదయం 10:15

సంతకం పెట్టాను. ఉత్తరం ముందే టైపు చేసి ఉంది. విష్ణువర్ధన్ టైపు చేశాడు, మంచి తెలుగు. శిక్షణలో ఉన్న ఉద్యోగిని ఈశ్వరి, అనుభవ లోపం చేత, అర్రేపై షరతు వాక్యమును అనుచితముగా ప్రయోగించినందువల్ల. పెన్ను కూడా అతనే అందించాడు. థాంక్స్ అని చిన్నగా అన్నాడు.

థాంక్స్!

పెన్ను తిరిగివ్వలేదు. మెట్లు దిగుతూ కాలవలోకి విసిరేశాను. చిన్నపిల్ల చేష్ట. కొత్తపిల్లనే కదా.

13 సెప్టెంబర్

సవరణ జాబితా వచ్చింది. నలభై ఒకటి. కళ్యాణదుర్గం ఉంది.

14 సెప్టెంబర్

రాజీనామా ఇచ్చాను. నరసింహప్ప సార్ వద్దనలేదు. పాపం సిగ్గుపడి పోతోంది అని ఆఫీసులో అనుకుంటున్నారని హేమ చెప్పింది.

విష్ణువర్ధన్ వచ్చే నెల హైదరాబాదు పోతున్నాడు. అక్కడ కొత్తగా చేరినవాళ్ళకి ముందుగా పాఠాలు చెప్పాలట. ఇఫ్ దగ్గరికి వచ్చినప్పుడు ఉదాహరణకి నన్నే చెబుతాడు. మా దగ్గర ఒక అమ్మాయి ఉండేది అని మొదలుపెడతాడు. బాగా చెబుతాడు కూడా, పాఠం చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు.

22 సెప్టెంబర్, ఆదివారం

అమ్మ ఫోన్. మా ఊరి పక్కనే క్యాంపు తెరిచారు. ఆలస్యం ఎందుకైందో పేపర్లో నా పేరుతో సహా వేశారంట, బయ్యన్న అంగట్లో చదివి వినిపించాడంట. నాయన ఎద్దుని తోలుకుని తెల్లారే పోయాడంట. గడ్డి కోసం వరసలో నిలబడ్డ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, పై గుడ్డ చేతిలోకి తీసుకుని, మా పాప చిన్నదప్పా, తెలీక చేసింది, మనసులో పెట్టుకోవద్దండి అని చెప్పినాడంట.

అందరూ సరేలే నల్లప్పా అన్నారంట. అమ్మ సంతోషంగా చెప్పింది.